ఉడ్సన్‌ని ఏ తూకంరాయితో తూస్తున్నాం? (ఇలినాయ్ మ్యాచ్ తర్వాత)

మూడో వరుస | 2025 జనవరి 14, రాత్రి 11:52

మన ఇండియానా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసి ఇప్పుడే అసెంబ్లీ హాల్ నుంచి ఇంటికొచ్చాను. నిద్ర పట్టేలా లేదు. సగం ఆటకే ఇలినాయ్ 60, మనం 32. సొంతగడ్డ మీద, పదిహేడు వేల సీట్ల హాల్లో. చివరికి 94–69. మూడు రోజుల కిందట అయోవా వెళ్లి 85–60తో ఓడొచ్చాం. వరసగా రెండు మ్యాచులు, రెండిట్లోనూ పాతిక పాయింట్ల తేడా.

విద్యార్థుల వైపు నుంచి మన కోచ్ మీద "ఉడ్సన్‌ని తీసేయండి" అని అరుపులు మొదలయ్యాయి. కాసేపటికి పెద్దవాళ్లు కూడా గొంతు కలిపారు. నా ముందు వరుసలో డెబ్బై దాటిన ఒక తెల్లాయన కూర్చున్నాడు. ఆయన అరవలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని దాని అంచు తడుముతూ ఉండిపోయాడు. విరామంలో జనం లేచి వెళ్లిపోతుంటే కాళ్లు పక్కకి జరిపి దారిచ్చాడు తప్ప తను కదల్లేదు. ఆ మనిషి ఉడ్సన్ ఆట కూడా చూసి ఉంటాడు.

ఎందుకంటే ఉడ్సన్ ఈ ఇంటి పిల్లాడు. ఇండియానాపొలిస్‌లో పెరిగి, 1976 నుంచి 80 దాకా అప్పటి మన కోచ్ బాబ్ నైట్ దగ్గర ఆడాడు. రెండు వేలకు పైగా పాయింట్లు చేశాడు. ఆఖరి ఏడాది వెన్నుకి ఆపరేషన్ అయి, కోలుకుని, మన లీగ్ బిగ్ టెన్‌లో చివరి ఆరు మ్యాచులే ఆడి, ఆరూ గెలిపించి, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

కోచ్‌గా ఈ ఏడాది ఆయన పని బాగాలేదు. ఆ మాట నేనూ అంటాను. నాకు కావలసింది వేరే. ఎవరితో పోల్చి బాగాలేదంటున్నాం? నైట్‌తోనా, ఆయన తర్వాత కోచ్‌లుగా వచ్చిన క్రీన్‌తోనా, మిల్లర్‌తోనా? అది తేల్చుకోకుండా తిడితే, వచ్చే కోచ్‌నీ ఇలాగే తిడతాం.

ఎర్రచారల ప్యాంటు | జనవరి 15, 12:10

ఎవరితో పోల్చినా అంతే అన్నా. సీజన్ మొదలయ్యేటప్పుడు దేశంలో 17వ ర్యాంకు ఇచ్చారు. ఆటగాళ్లా, అరిజోనా యూనివర్సిటీ నుంచి బలో వచ్చాడు, వాషింగ్టన్ స్టేట్ నుంచి రైస్, స్టాన్‌ఫర్డ్ నుంచి కార్లైల్. అడిగిన సరుకంతా తెచ్చి ఇచ్చాక వంట మాడిపోతే వంటవాణ్ణే అడగాలి.

కార్మెల్ మావయ్య | జనవరి 15, 7:35

మూడో వరుస బాబూ, నేను పోల్చేది నైట్‌తోనే. అందులో దాపరికం లేదు.

1986 ఆగస్టులో మన యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో దిగాను. అప్పటికి నాకు కబడ్డీ, క్రికెట్టు తప్ప ఇంకేమీ తెలీదు. మరుసటి మార్చి 30న సిరక్యూస్‌తో జాతీయ టోర్నమెంట్ ఫైనల్. హాస్టల్ కింద టీవీ గదిలో అరవై మందిమి, నిలబడ్డానికి కూడా చోటు లేదు. ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి డారిల్ థామస్ చేతికొచ్చింది. ఎదురుగా డెరిక్ కోల్మన్. అందరూ "వెయ్, వెయ్" అని అరుస్తున్నారు. అతను వెయ్యలేదు. ఆ షాట్ సరైంది కాదని తెలిసి, ఎడమ మూలకి జరిగిన కీత్ స్మార్ట్‌కి బంతి అందించాడు. స్మార్ట్ గాల్లోకి లేచి వేశాడు. 74–73.

అందరూ స్మార్ట్ పేరే చెప్తారు. నాకు మాత్రం థామస్ ఆపుకున్న ఆ క్షణమే గుర్తుంది. దేశం మొత్తం చూస్తున్నప్పుడు ఇరవై రెండేళ్ల కుర్రాడు మంచి షాట్ కోసం తన షాట్ వదులుకున్నాడు. నైట్ నేర్పింది అది. నిన్న రాత్రి మన జట్టులో ఒక్కసారి కనిపించిందా? బంతి తెచ్చినవాడే వేస్తాడు, మిగతా నలుగురూ చూస్తుంటారు.

29 ఏళ్లు, 662 విజయాలు, మూడు జాతీయ టైటిళ్లు, అయిదుసార్లు ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నమెంట్‌లో చివరి నాలుగు జట్లు). 1976లో 32–0. ఆ తర్వాత ఇప్పటిదాకా పురుషుల్లో ఏ జట్టూ ఒక్క ఓటమి లేకుండా టైటిల్ కొట్టలేదు. ఆ కొలత కిందికి దించితే ఇక ఇది ఇండియానా ఎందుకవుతుంది?

ఓరుగల్లు పాయింట్‌గార్డ్ | జనవరి 15, 8:20

మావయ్యా, మీరు చెప్పిన 1987 ముచ్చట చదివితే ఒళ్లు జలదరించింది. కానీ నైట్ ఆఖరి ఆరేండ్లు ఎవ్వరు మాట్లాడరు. 1995 నుంచి 2000 దాకా చూడుండ్రి. ఆరుసార్లు జాతీయ టోర్నమెంట్‌కు పోయిన్రు. నాలుగుసార్లు మొదటి రౌండ్‌లనే ఇంటికొచ్చిన్రు: మిజూరి, బోస్టన్ కాలేజ్, కొలరాడో, పెప్పర్‌డైన్. మిగిలిన రెండుసార్లు రెండో రౌండ్. స్వీట్ సిక్స్‌టీన్ (చివరి పదహారు జట్లు) చూసింది 1994లనే ఆఖరు.

అంటే నైట్‌నే నైట్‌తోని తూస్తే ఆఖరి ఆరేండ్లకు ఆయన కూడా తప్పిండు. గప్పుడు ఏ స్టూడెంటన్నా "తీసేయండి" అన్నడా? తీసేసినప్పుడు వేలమంది వీధుల్లకొచ్చిన్రు, ప్రెసిడెంట్ ఇంటి ముందటికి పోయిన్రు. మనం తూసేది మనిషిని కాదు మావయ్యా, మన జ్ఞాపకాన్ని.

కార్మెల్ మావయ్య | జనవరి 15, 8:41

ఆ ఆరేళ్లూ నేను మర్చిపోలేదు. పెప్పర్‌డైన్ చేతిలో ఓడిన రాత్రి కారు నడపలేక పక్కన ఆపుకున్నాను. అయినా మూడు టైటిళ్లు తెచ్చినవాడికి ఆరేళ్ల ఓపిక మిగిలి ఉంటుంది. ఉడ్సన్ ఖాతాలో అలా వాడుకోడానికి ఏముంది?

ఇండీ అక్క | జనవరి 15, 12:48

నైట్ పేరెత్తినప్పుడు మిగతా సగం కూడా చెప్పాలి.

1985 ఫిబ్రవరిలో, మన రాష్ట్రంలోనే ఉన్న పోటీ యూనివర్సిటీ పర్డ్యూతో మ్యాచ్ మధ్యలో కుర్చీ ఎత్తి కోర్టు మీదికి విసిరాడు. జనం ఇప్పటికీ అదేదో ఘనకార్యంలా చెప్పుకుంటారు. 2000లో బయటికొచ్చిన వీడియోలో ప్రాక్టీసులో నీల్ రీడ్ గొంతు పట్టుకున్నాడు. ఇంకొక్క తప్పు జరిగితే ఉపేక్షించేది లేదని యూనివర్సిటీ హెచ్చరించింది. కొన్ని నెలలకే, సెప్టెంబర్ 10న, ఒక విద్యార్థి చెయ్యి పట్టి గుంజాడన్న గొడవలో ఉద్యోగం పోయింది.

మా పెద్దాడు హైస్కూల్ జట్టులో ఆడతాడు. పోయిన నెల వాళ్ల కోచ్ నా కళ్ల ముందే ఒక పిల్లాడి జెర్సీ మెడ దగ్గర పట్టి లాగి కూర్చోబెట్టాడు. ఆ పిల్లాడు ఆట అయ్యేదాకా తల ఎత్తలేదు. ఇంటికెళ్లేటప్పుడు కారులో మావాడు "అమ్మా, నేను తప్పు చేస్తే నన్నూ అలాగే లాగుతాడా" అని అడిగాడు. మర్నాడు వెళ్లి మాట్లాడాను. నైట్ దగ్గర నాలుగేళ్లు ఆడినవాళ్లు దాదాపు అందరూ డిగ్రీ పూర్తి చేశారు, నిజమే. దానికి ఆయన్ని మెచ్చుకుంటాను. క్రమశిక్షణకి గొంతు పట్టుకోవడం ఎందుకో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట. అదే హాల్లో, అవే జెండాల కింద, టెరీ మోరెన్ మన అమ్మాయిల జట్టుని 2023లో బిగ్ టెన్ విజేతగా నిలబెట్టింది. ఆవిడ మీద కుర్చీల కథలేమీ లేవు. పోల్చడానికి ఎప్పుడూ మగ కోచ్‌ల జాబితానే తీస్తారెందుకు?

మూడో వరుస | జనవరి 15, 1:15

అక్కా, మోరెన్ సంగతి నాకు తట్టనే లేదు. నిజంగా తట్టాల్సింది.

గుంటూరు టు బ్లూమింగ్టన్ | జనవరి 15, 6:30

చరిత్ర తర్వాత చూద్దాం, ముందు ఆట సంగతి మాట్లాడుకుందాం. నేను వారానికి మూడు రోజులు ఇక్కడి జిమ్‌లో ఆడతాను, మన మ్యాచ్ ప్రతిదీ రెండుసార్లు చూస్తాను.

ఉడ్సన్ ఈ జట్టుని కట్టిందే ఇద్దరు పొడుగోళ్ల మీద. బలో ఏడడుగులు, పక్కన రెనో. ఇద్దరికీ బుట్ట కిందే పని. వాళ్లిద్దరూ అక్కడ నిలబడితే ఎదుటి జట్టు పొడుగోళ్లు కూడా అక్కడే ఉంటారు. ఇక మన గార్డు (బంతి నడిపేవాడు) లోపలికి దూసుకెళ్లడానికి దారేదీ? బయట నుంచి మూడు పాయింట్ల షాట్లు నమ్మకంగా పడితే వాళ్లని బయటికి లాగొచ్చు. అదీ లేదు. మనం రెండేసి పాయింట్లు పోగు చేసుకుంటుంటే వాళ్లు మూడేసి వేసుకుంటూ పోతారు. నవంబర్లో బహామాస్‌లో లూయీవిల్ చేతిలో 89–61, మర్నాడు గొంజాగా చేతిలో 89–73. నిన్నటి ఆటా అదే ఆట. రెండు నెలల్లో రోగం మారలేదు, మందూ మారలేదు.

డిఫెన్స్‌లో ఇంకా ఘోరం. ఎదుటి గార్డు తన జట్టువాడు పెట్టిన స్క్రీన్ (మనవాణ్ణి అడ్డుకునే మనిషి గోడ) దాటుకొచ్చే సరికి బలో వెనక్కి తగ్గి బుట్ట దగ్గర కాపలా ఉంటాడు. మధ్యలో పదిహేను అడుగుల ఖాళీ. ఇవాళ్టి కాలేజీ గార్డులకి అంత ఖాళీ దొరికితే షాట్ వేస్తారు, లేదా మూలలో ఉన్నవాడికి అందిస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి ఇది చూడలేదంటే నమ్మను. చూసి మార్చలేదు. నా కోపం అంతా దాని మీదే.

పర్డ్యూ పక్షం | జనవరి 15, 9:05

మీ గొడవలో పక్క ఊరివాణ్ణి దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. పర్డ్యూ ఉన్న వెస్ట్ లాఫయెట్‌లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను.

మా కోచ్ పెయింటర్ 2005 నుంచి ఉన్నాడు. 2013–14లో బిగ్ టెన్‌లో అందరికంటే కింద మేమే. 2023లో జాతీయ టోర్నమెంట్‌కి మొదటి సీడ్‌గా వెళ్లి, పదహారో సీడ్ ఫెయిర్‌లీ డికిన్సన్ చేతిలో ఓడిపోయాం. ఆ వారం ఆఫీసుకి వెళ్లడానికి మొహం చెల్లలేదు. అయినా ఆయన్ని ఉంచారు. మరుసటి ఏడాది ఫైనల్ ఆడాం. టైటిల్ కనెక్టికట్ తీసుకెళ్లింది, కానీ అక్కడిదాకా వెళ్లాం.

అదే ఇరవై ఏళ్లలో మీరు శాంప్సన్, క్రీన్, మిల్లర్, ఉడ్సన్. ప్రతిసారీ పునాది తవ్వడమే, గోడ లేచిందే లేదు.

ఎర్రచారల ప్యాంటు | జనవరి 15, 9:22

ఓపిక గురించి పర్డ్యూవాళ్ల చేత చెప్పించుకోవడం కష్టంగానే ఉంది గానీ, మీ మాట కాదనలేను. అయితే ఒకటి. పెయింటర్ ఎప్పుడూ పాత పద్ధతి పట్టుకు వేలాడలేదు. కింద పడ్డాక ఆటగాళ్లని ఎంచుకునే తీరే మార్చుకున్నాడు. మారేవాడికి ఓపిక పట్టొచ్చు.

ఓరుగల్లు పాయింట్‌గార్డ్ | జనవరి 15, 10:40

క్రీన్ పేరొచ్చింది కాబట్టి చెప్తున్న. నా లెక్కల నైట్ తర్వాత మనం చేసిన పెద్ద తప్పు క్రీన్‌ను పంపుడే.

శాంప్సన్ రిక్రూటింగ్ (కొత్త ఆటగాళ్లను రప్పించుకునుడు) ఫోన్ కాల్స్ గొడవల 2008ల మధ్యలనే పోయిండు. (ఆ కాల్స్ రూల్‌ను తర్వాత కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏనే సడలించింది. ఆయన ఇప్పుడు హ్యూస్టన్‌ను దేశంల మేటి జట్లల్ల ఒకటి చేసిండు. అది వేరే బాధ.) క్రీన్ వచ్చేసరికి ఇంట్ల సామాన్లు లెవ్వు. మొదటి ఏడాది 6–25. లీగ్‌ల ఒక్కటి గెలిచి పదిహేడు ఓడిన్రు. తర్వాత 10–21, ఆ తర్వాత 12–20. మూడేండ్లు అట్లనే ఓపిక పట్టినం. నాలుగో ఏడు డిసెంబర్ 10న నంబర్ వన్ కెంటకీ మీద మన వాట్‌ఫర్డ్ ఆఖరి షాట్, 73–72. జనం కోర్టు మీదికి దుంకిన్రు. 2013ల బిగ్ టెన్ టైటిల్, 2016ల ఇంకోటి. మన ఒలాడీపో, జెల్లర్ ఇద్దరు ఒకే డ్రాఫ్ట్‌ల (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఏరుకునేది) మొదటి నలుగురిల పోయిన్రు.

టైటిల్ కొట్టిన మరుసటి ఏడాదే, 2017 మార్చిల, పంపిచ్చిన్రు. ఎందుకు? "నైట్ లెక్క లేడు" అని.

గుంటూరు టు బ్లూమింగ్టన్ | జనవరి 15, 11:02

2013 టోర్నమెంట్‌లో సిరక్యూస్ జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా చోటుని కాపు కాసేది) ముందు మనవాళ్లకి చేతులు కాళ్లు ఆడలేదు, 61–50తో ఓడాం. ఆ జోన్ వస్తుందని దేశమంతా తెలుసు. క్రీన్‌ని నేను అంత తేలిగ్గా వదల్లేను. కానీ తీసేసింది తొందరపాటే. తర్వాత ఎవరొచ్చారో చూడు. మిల్లర్ నాలుగేళ్లలో ఒక్కసారీ టోర్నమెంట్ ఆడలేదు (2020లో కరోనా వల్ల అసలు జరగనే లేదనుకో), పర్డ్యూతో ఏడు ఆడి ఏడూ ఓడాడు. ఆయన్ని పంపడానికి దాతలు కోటి డాలర్లకు పైగా ఇచ్చారు.

ఇండీ అక్క | జనవరి 16, 7:15

మిల్లర్ తర్వాత "ఇంటివాడే కావాలి" అని మనమే పట్టుబట్టాం. గుర్తుందా? ఉడ్సన్‌కి కాలేజీల్లో కోచ్‌గా ఒక్కరోజు అనుభవం లేదు. అయినా నైట్ శిష్యుడన్న ఒక్క మాటతో అందరం కరిగిపోయాం. నేనూ కరిగాను.

అదే పని చేసిన మిగతావాళ్లని చూడండి. జార్జ్‌టౌన్ యూయింగ్‌ని తెచ్చుకుంది, సెయింట్ జాన్స్ మల్లిన్‌ని, మిషిగన్ హోవర్డ్‌ని, లూయీవిల్ కెన్నీ పేన్‌ని. పేన్ 1986లో అక్కడే టైటిల్ గెలిచిన ఆటగాడు. కోచ్‌గా రెండేళ్లలో 12 గెలిచి 52 ఓడాడు. హోవర్డ్ మొదట్లో బాగా చేశాడు, ఆఖరి ఏడాది 8–24. వీళ్లంతా గొప్ప ఆటగాళ్లు, తమ కాలేజీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు. ఆ ప్రాణం పెట్టడం వేరు, పద్దెనిమిదేళ్ల పిల్లల ఇంటికెళ్లి తల్లిదండ్రుల్ని ఒప్పించడం, ఏప్రిల్ రాగానే పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పేర్లు వెతికి మళ్లీ సగం జట్టు కట్టుకోవడం వేరు.

వీళ్లందరితో పోలిస్తే ఉడ్సన్ మెరుగు. మొదటి రెండేళ్లూ టోర్నమెంట్‌కి తీసుకెళ్లాడు. 2023లో పర్డ్యూని రెండుసార్లూ ఓడించాడు, ఒకసారి వాళ్లు నంబర్ వన్‌గా ఉన్నప్పుడే. నా తూకంరాయి ఇదే. నైట్ వద్దు, క్రీన్ వద్దు. 2023 ఉడ్సన్ ఒక పక్క, 2025 ఉడ్సన్ ఒక పక్క. ఆ తేడాకి ఆయనే జవాబు చెప్పాలి.

మూడో వరుస | జనవరి 16, 8:02

నేను వెతుక్కుంటున్న మాట ఇదే అక్కా.

కార్మెల్ మావయ్య | జనవరి 16, 8:30

అమ్మాయ్, బాగా చెప్పావు. నాకు ఇంకోటి కూడా అనిపిస్తోంది. మొన్న శరదృతువులో మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా సిగ్నెట్టి వచ్చిన మొదటి ఏడాదే 11 గెలిచి ప్లేఆఫ్ ఆడాడు. ఈ యూనివర్సిటీ చరిత్రలో ఫుట్‌బాల్ అంటే చలికాలం వచ్చేదాకా పొద్దుపుచ్చడానికి చూసేది. అక్కడే ఒక్క ఏడాదిలో అంత మార్పు చూశాక, బాస్కెట్‌బాల్లో నాలుగో ఏడు ఇలా ఉంటే జనం ఊరుకుంటారా? ఉడ్సన్ మీద పడిన బరువులో అది కూడా ఉంది.

ఎర్రచారల ప్యాంటు | జనవరి 26, సాయంత్రం

మేరీలాండ్ చేతిలో 79–78. ఒక్క పాయింటు. ఇవాళ రాయడానికి ఓపిక లేదు.

పర్డ్యూ పక్షం | జనవరి 31, రాత్రి

మేం గెలిచాం, 81–76. మీవాళ్లు ఈసారి గట్టిగా ఆడారు. నిజంగా అంటున్నాను.

గుంటూరు టు బ్లూమింగ్టన్ | ఫిబ్రవరి 7, సాయంత్రం

ప్రకటన వచ్చేసింది. ఈ సీజన్ అయ్యాక ఉడ్సన్ తప్పుకుంటున్నాడు. రేపు మిషిగన్‌తో మ్యాచ్ పెట్టుకుని ఇవాళ చెప్పారు.

మూడు వారాలుగా ఆయన పద్ధతిని ఇక్కడ ముక్కలు ముక్కలు చేశాను. రాసిన దాంట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను. అయినా వార్త చూడగానే కడుపులో ఏదో అయింది. ఆయన వయసు 66. మా నాన్న కూడా అదే వయసులో, నలభై ఏళ్లు చేసిన చోట "ఇక చాలండి" అనిపించుకుని ఇంటికొచ్చారు. ఆ రోజు ఆయన చెప్పులు విప్పుకోకుండా అరుగు మీదే గంటసేపు కూర్చున్నారు.

ఓరుగల్లు పాయింట్‌గార్డ్ | ఫిబ్రవరి 7, రాత్రి

తీసేసుడు కాకుండా తప్పుకునుడు అన్నరు. అంత మర్యాదన్న దక్కింది. నైట్‌కు ఇరవై ఏండ్లు పట్టింది మళ్ల ఆ హాల్‌ల అడుగు పెట్టనీకి. రేపటికి సరిగ్గ అయిదేండ్లు: 2020 ఫిబ్రవరి 8, పర్డ్యూ మ్యాచ్ విరామంల పాత ఆటగాళ్ల నడుమ నడుచుకుంట వచ్చిండు. ఉడ్సన్‌కు అట్ల కావద్దు.

ఎర్రచారల ప్యాంటు | ఫిబ్రవరి 8

మిషిగన్ చేతిలో 70–67. వరసగా అయిదో ఓటమి. వచ్చేది మిషిగన్ స్టేట్, అదీ వాళ్ల ఊళ్లో. ఇక ఆశ లేదు.

మూడో వరుస | ఫిబ్రవరి 11, రాత్రి

71–67! మిషిగన్ స్టేట్‌ని వాళ్ల హాల్లోనే కొట్టాం! 11వ ర్యాంకు జట్టుని!

మావయ్యా, ఎక్కడున్నారు? చూశారా?

కార్మెల్ మావయ్య | ఫిబ్రవరి 11, రాత్రి

చూశాను. ఇంకా కుర్చీలోంచి లేవలేదు.

మీలో ఎంతమంది గమనించారో. బిగ్ టెన్ మ్యాచుల్లో నైట్‌వి 353 విజయాలు. లీగ్ చరిత్రలో అంతకంటే ఎక్కువ ఎవరికీ లేవు. మిషిగన్ స్టేట్ కోచ్ టామ్ ఇజో మొన్న శనివారమే ఆ 353 అందుకున్నాడు. ఇవాళ గెలిస్తే 354. వాళ్ల జనమంతా పండగకి సిద్ధమై వచ్చారు. ఆపింది ఎవరు? నైట్ దగ్గర నాలుగేళ్లు ఆడినవాడు. నాలుగు రోజుల కిందట మనం సాగనంపినవాడు.

ఇజో రేపో మాపో దాటేస్తాడు, ఆయన దానికి తగినవాడే. ఈ రాత్రికి మాత్రం ఆ అంకె గురువుగారి పేరు మీద ఉంది. దాన్ని కాపాడింది ఉడ్సన్. నైట్ పోయి ఏడాది దాటింది. ఉంటే ఫోన్ చేసేవాడు.

జనవరిలో నేను ఇక్కడ "ఉడ్సన్ ఖాతాలో ఏముంది" అని రాశాను. ఆ మాట అలాగే ఉండనివ్వండి, చెరపకండి. కింద ఇది కూడా ఉంటుంది.

మూడో వరుస | ఫిబ్రవరి 11, రాత్రి

మావయ్యా, 23న పర్డ్యూ మ్యాచ్‌కి నా దగ్గర రెండో టికెట్టుంది. ఆ డెబ్బై దాటిన ఆయన వెనక వరుసే. వస్తారా?

కార్మెల్ మావయ్య | ఫిబ్రవరి 11, రాత్రి

వస్తాను నాయనా. ఆట మొదలయ్యే ముందు ఉడ్సన్ పేరు చదువుతారు కదా, దానికి అరగంట ముందే లోపల ఉండేలా చూడు.